కంప్యూటరు మతిమరపు: కారణములు, పరీక్షలు

విడిభాగములను కొని తెచ్చి ఇంటివద్దనే కంప్యూటరును కూర్చుకొనువారు నేడు పెక్కురు కలరు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్ స్టిక్కులు, ఎస్.ఎం.పి.ఎస్., డిస్కు, కేబినెట్టు అను ఈ ఆరు వస్తువులును ఒక స్క్రూడ్రైవరును ఉన్నచో ఒక పూటలో యంత్రము సిద్ధమగును. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఇవన్నియు విడివిడిగా దొరకును. ఇట్లు కూర్చిన యంత్రము ధరలో కలిసివచ్చును. అంతేకాక, కూర్చిన విద్యార్థికి దాని లోపలి నిర్మాణము తెలియును.

కాని దీనియందు ఒక చిక్కు కలదు. కొన్ని దినములు చక్కగా నడచిన యంత్రము ఒకనాడు హఠాత్తుగా ఆగిపోవును. తెరమీద ఏదో సందేశము కనబడి మాయమగును. మరల ఆన్ చేసినచో ఏమియు జరుగనట్లే పనిచేయును. మరునాడు మరియొక పనిలో మరియొక సందేశముతో ఆగిపోవును. అప్పుడు ర్యామ్ అమ్మినవాడు మదర్‌బోర్డును అనుమానించును. బోర్డు అమ్మినవాడు ఎస్.ఎం.పి.ఎస్.ను చూపును. ఆరు వస్తువులలో దోషి ఏదో తేల్చవలసిన భారము కూర్చినవానిమీదనే పడును. ఇట్టి సందర్భములలో తరచు బయటపడు దోషము మెమరీకి సంబంధించినది. దానిని ఊహతో గాక పరీక్షతో పట్టుకొను పద్ధతి ఎట్టిదో పరిశీలింపవచ్చును.

బిట్టు నిలుచు చోటు

కంప్యూటరు సమాచారమంతయు 0, 1 అను రెండు అంకెలతోనే నడచును. ఇట్టి ఒక్కొక్క అంకెకు బిట్టు అని పేరు. ర్యామ్‌లో ఒక బిట్టును దాచుటకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలును. కెపాసిటరులో విద్యుదావేశము ఉన్నచో 1, లేనిచో 0. ఈ సులభమైన ఏర్పాటును 1966లో ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్ట్ డెన్నార్డ్ ఊహించెను. దానికి 1968లో పేటెంటు లభించెను. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన 1103 అను చిప్పులో 1,024 బిట్లు మాత్రమే ఇమిడెను. నేటి 8 గిగాబైట్ల ర్యామ్ స్టిక్కులో సుమారు 6,872 కోట్ల బిట్లు కలవు.

ఈ కెపాసిటరు చిల్లికుండ వంటిది. అందులో నిలుచు ఆవేశము కొన్ని పదివేల ఎలక్ట్రానులకు మించదు. అదియు నిరంతరము కారిపోవుచుండును. అందుచేత కుండ వట్టిపోక ముందే దానిని మరల నింపుచుండవలెను. డి.డి.ఆర్.4 రకపు ర్యామ్‌లో సాధారణముగా 64 మిల్లీసెకన్లకు ఒక పర్యాయము ప్రతి గదిని చదివి మరల నింపుదురు. అనగా సెకనుకు 15 పర్యాయములకు పైగా కోట్లకొలది గదులను యంత్రము తడిమి చూచుకొనుచుండును. కరెంటు పోయినంతనే ఈ పని ఆగును, జ్ఞాపకమంతయు చెరిగిపోవును. అందుచేతనే దాచుకొనదగిన దానిని డిస్కులో వ్రాసికొనుట.

వేడిమి పెరిగినకొలది ఈ కారుట కూడ పెరుగును. అందుచేతనే చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో రెట్టింపు వేగముతో నింపవలెనని ప్రమాణములలో నియమము కలదు.

మతి తప్పు విధములు

మెమరీలో కలుగు తప్పులు మూడు తెగలు.

మొదటిది శాశ్వతదోషము. ఏదో ఒక గది తయారీలోని లోపము చేతనో, వయస్సు చేతనో చెడిపోవును. అందులో ఏమి వ్రాసినను 1 అనియే పలుకును, లేదా 0 అనియే పలుకును. కొన్ని గదులు ఇతర గదులకంటె త్వరగా కారిపోవును. మరికొన్ని ప్రక్క గదిలో వ్రాసినప్పుడు తామును మారిపోవును.

రెండవది క్షణికదోషము. గది మంచిదే, అందులోని ఆవేశము మాత్రము ఒక్కసారి తారుమారగును. 1970 దశకము చివర ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ అనువారు దీనికి ఒక కారణము కనిపెట్టిరి. చిప్పును కప్పు పదార్థములో లేశమాత్రముగానున్న యురేనియము, థోరియము ఆల్ఫా కణములను వెదజల్లును. ఆ కణము గదిని తాకినచో బిట్టు మారును. అంతరిక్షమునుండి వచ్చు కాస్మిక్ కిరణముల వలన పుట్టు న్యూట్రానులును ఇట్టి పనియే చేయును.

మూడవది దారిలోని దోషము. గది మంచిదే, ఆవేశమును సరియైనదే. కాని అక్కడనుండి ప్రాసెసరునకు వచ్చు దారిలో సంకేతము చెడును. డి.డి.ఆర్.4 స్టిక్కునకు 288 లోహపు మొనలు కలవు. వానిలో ఒక్కటి దుమ్ముచేత గాని, సరిగా దిగకపోవుటచేత గాని వదులైనను చాలును.

ఇంటిలో కూర్చిన యంత్రములలో ఈ మూడవ తెగకు మరియొక కారణము కలదు. ర్యామ్ పెట్టెమీద అచ్చువేసిన వేగము పెక్కుచోట్ల ప్రమాణవేగము కాదు. ఆ వేగము కావలెనన్నచో మదర్‌బోర్డు బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అను అమరికను ఎన్నుకొనవలెను. దీనిని ఇంటెల్ సంస్థ 2007లో ప్రవేశపెట్టెను. డి.డి.ఆర్.4 స్టిక్కు మామూలుగా 1.2 వోల్టులతో పనిచేయును, ఎక్స్.ఎం.పి. పెట్టినప్పుడు అది తరచు 1.35 వోల్టులగును. స్టిక్కు ఆ వేగమునకు తగినదే కావచ్చును. ప్రాసెసరులోని మెమరీ కంట్రోలరు గాని, బోర్డు గాని దానిని తట్టుకొనకపోవచ్చును. ఎద్దు బలమైనదైనను కాడి పలుచనైనచో అరక సాగదు.

ఈ మూడింటిలో దేనిని ముందుగా అనుమానించవలెను? 2009లో గూగుల్ సంస్థ, టొరంటో విశ్వవిద్యాలయము పరిశోధకులు వేలాది కంప్యూటర్లను రెండున్నర సంవత్సరములు గమనించి ఫలితములను ప్రకటించిరి. ఏటా నూటికి 8కి పైగా ర్యామ్ స్టిక్కులలో తప్పులు కనబడెను. ఒకసారి తప్పిన స్టిక్కే మరల మరల తప్పుచుండెను. కాస్మిక్ కిరణము ఒకే స్టిక్కును వెదకికొని వచ్చి కొట్టదు గదా! కాబట్టి ఈ తప్పులలో అధికభాగము శాశ్వతదోషములే అని వారు భావించిరి. ఆకాశమును నిందించుటకు ముందు స్లాటును చూచుట న్యాయము.

ఆగిపోవుటయే మేలు

ర్యామ్‌లో ఉండునవి మూడు రకములు: ప్రాసెసరు చేయవలసిన ఆజ్ఞలు, సమాచారము ఎచ్చటనున్నదో తెలుపు చిరునామాలు, ఆ సమాచారము. ఆజ్ఞలో ఒక బిట్టు మారినచో అది అర్థము లేని ఆజ్ఞ కావచ్చును. చిరునామాలో బిట్టు మారినచో ప్రాసెసరు లేని ఇంటి తలుపు తట్టును. ఈ రెండు సందర్భములలోను ఆపరేటింగ్ సిస్టము ఇక ముందుకు పోవుట ప్రమాదమని గ్రహించి, తెరమీద సందేశము చూపి పనిని నిలిపివేయును. విండోస్‌లో ఈ తెర చాలకాలము నీలిరంగులో ఉండెను. విండోస్ 11లో 2025లో దానిని నలుపురంగునకు మార్చిరి.

సమాచారములోనే బిట్టు మారినచో ఏమగును? ఏమియు కాదు, యంత్రము ఆగదు, సందేశమును రాదు. అదే పెద్ద అపాయము.

ఒక పాఠశాలలో మార్కుల పట్టికను కంప్యూటరులో వ్రాయుచున్నారని అనుకొందము. ఒక విద్యార్థికి 72 మార్కులు. 72 అనగా 64, 8ల మొత్తము. కాబట్టి ఎనిమిది బిట్లలో అది 01001000 అగును. ఇందు ఎడమనుండి రెండవ బిట్టు 64 స్థానము. అది ఒక్కటి 1 నుండి 0 అయినచో మిగులునది 00001000, అనగా 8. డెబ్బదిరెండు మార్కుల విద్యార్థికి ఎనిమిది మార్కులు పడును. ఫైలును భద్రపరచినంతనే ఈ తప్పు డిస్కునకు ఎక్కును. తరువాత కొత్త ర్యామ్ పెట్టినను ఆ 8 తిరిగి 72 కాదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2003 మే 18న బెల్జియము ఎన్నికలలో బ్రస్సెల్సు నగరపు షార్‌బీక్ ప్రాంతమున ఒక అభ్యర్థికి రావలసిన దానికంటె 4,096 ఓట్లు అధికముగా నమోదయ్యెను. ఆ పద్ధతిలో రాదగిన సంఖ్యకు మించుటచేత అనుమానము కలిగి మరల లెక్కించిరి. ప్రోగ్రాములో తప్పేమియు కనబడలేదు. 4,096 అనగా 2ను 12 పర్యాయములు హెచ్చించగా వచ్చు సంఖ్య. సరిగా ఒక్క బిట్టు స్థానపు విలువ. మెమరీలో ఒక బిట్టు తనంతట మారియుండునని నిపుణులు అభిప్రాయపడిరి. ఓట్ల సంఖ్య అసాధ్యముగానుండుటచేత తప్పు బయటపడెను. సాధ్యమైన సంఖ్యయే వచ్చియున్నచో ఎవరికి తెలియును?

కాబట్టి హఠాత్తుగా ఆగిపోవు యంత్రమును చూచి విసుగుకొనక, అది చేయుచున్న హెచ్చరికను ఆలకింపవలెను. ఆగిపోవుట కనబడు రోగము. చెడిన ఫైళ్లు కనబడని రోగము.

మొదట చేయరాని పనులు

యంత్రము ఆగినంతనే పెక్కుమంది విండోస్‌ను మరల ఎక్కింతురు, లేదా డిస్కు మరమ్మతు ప్రోగ్రామును నడుపుదురు. మెమరీమీద అనుమానము ఉన్నంతవరకు ఈ రెండును చేయరాదు. డిస్కులోని పట్టికలను చదివి, సరిచేసి, తిరిగి వ్రాయు పని అంతయు మెమరీ గుండానే జరుగును. మెమరీయే తప్పు చెప్పుచున్నచో మంచి పట్టిక కూడ చెడును. ముఖ్యమైన ఫైళ్లు ఉన్నచో డిస్కును ఊడదీసి, మంచిదని తెలిసిన మరియొక కంప్యూటరుకు తగిలించి నకలు తీసికొనుట క్షేమము.

సాక్ష్యమును కూర్చుట

వైద్యుడు మందు ఇచ్చుటకు ముందు రోగి మాట వినును. ఇచ్చట కూడ ఒక నోటుపుస్తకము తెరచి, ఆగిన ప్రతిసారి తేదీ, వేళ, అప్పుడు జరుగుచున్న పని, తెరమీది సందేశము వ్రాసికొనవలెను. సందేశము క్షణములో మాయమగుచున్నచో, విండోస్‌లో తప్పు జరిగినప్పుడు దానంతట అది మరల మొదలగు అమరికను తీసివేయవలెను. ఈవెంట్ వ్యూయర్ అను దినచర్యలో కెర్నల్ పవర్ 41 అని కనబడినచో కంగారుపడనక్కరలేదు. యంత్రము సక్రమముగా మూయబడలేదు అనియే దాని అర్థము. కారణమును అది తెలుపదు.

ఈ పుస్తకమునుండి కొన్ని నిర్ణయములు చేయవచ్చును. ఎల్లప్పుడు ఒకే ప్రోగ్రాములో, ఒకే సందేశముతో ఆగుచున్నచో ప్రోగ్రామును గాని, డ్రైవరును గాని మొదట అనుమానింపవలెను. ఆగు పని వేరు, సందేశము వేరుగానున్నచో మెమరీ మీదికి అనుమానము పోవును. పెద్ద జిప్ ఫైలును విప్పునప్పుడు ఒకసారి తప్పు చూపి, మరియొకసారి సరిగా విప్పుకొన్నచో అనుమానము బలపడును. ఫైలే చెడినచో ప్రతిసారి తప్పు రావలెను గదా. సందేశమేమియు లేక, దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో ఎస్.ఎం.పి.ఎస్.ను, వేడిమిని, ఇంటి కరెంటును ముందుగా చూడవలెను.

పరీక్షాక్రమము

దీని మూలసూత్రము ఒక్కటే: ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ర్యామ్ మార్చి, బయోస్ మార్చి, డ్రైవరు మార్చిన పిమ్మట యంత్రము బాగుపడినను, దేనివలన బాగుపడెనో తెలియదు. అది బాగుపడుట కాదు, దోషము దాగుట.

మొదటి పని: బయోస్‌లోని అమరికలన్నిటిని మామూలు స్థితికి తెచ్చి, ఎక్స్.ఎం.పి.ని తీసివేయవలెను. ఇంతటితో యంత్రము నిలకడగా నడచినచో స్టిక్కులు చెడలేదు. కోరిన వేగము అధికము. వేగమును ఒక మెట్టు తగ్గించి వాడుకొనుటతో సరిపోవును.

రెండవ పని: స్టిక్కులను తీసి మరల అమర్చుట. యంత్రమును ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటనును కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన ఆవేశమును పోనీయవలెను. కేబినెట్టు లోహభాగమును తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును వదలించుకొనవలెను. స్టిక్కును అంచులవద్ద పట్టుకొని, మొనలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, బాగుగా ఆరనిచ్చి, స్లాటులో దుమ్ము లేకుండ చూచి, కొక్కెము టక్కుమని పడువరకు నొక్కవలెను. పెన్సిలు రబ్బరుతో రుద్దుట మన దుకాణములలో వాడుక. మొనలపై బంగారు పూత అతి పలుచనిది. తరచు రుద్దినచో అది అరిగిపోవును. రబ్బరు పొడి స్లాటులో పడును.

మూడవ పని: మెమరీ పరీక్షా ప్రోగ్రామును నడపుట. 1994లో మొదలైన మెమ్‌టెస్ట్86, దాని శాఖయైన మెమ్‌టెస్ట్86 ప్లస్ ఇందుకు ప్రసిద్ధములు. వీనిని పెన్‌డ్రైవులో ఎక్కించి, విండోస్ లేకుండ నేరుగా దానినుండియే యంత్రమును మొదలుపెట్టవలెను. విండోస్ నడచుచున్నప్పుడు మెమరీలో కొంతభాగమును అదే ఆక్రమించును; ఆక్రమించిన గదులను పరీక్షించుట సాధ్యము కాదు.

నాలుగవ పని: తప్పు కనబడినచో దోషి స్టిక్కా, స్లాటా అని తేల్చుట. రెండు స్టిక్కులకు క, ఖ అనియు, రెండు స్లాటులకు 1, 2 అనియు పేర్లు పెట్టుకొని, ఒక్కొక్క స్టిక్కును ఒక్కొక్క స్లాటులో విడిగా పరీక్షింపవలెను. మొత్తము నాలుగు పరీక్షలు. కొన్ని బోర్డులు ఒంటి స్టిక్కును నియమిత స్లాటులోనే అంగీకరించును. బోర్డుతో వచ్చిన పుస్తకమును ముందుగా చూడవలెను.

ఫలితములను ఇట్లు చదువవలెను. క రెండు స్లాటులలోను తప్పి, ఖ రెండింటను నెగ్గినచో క అను స్టిక్కే దోషి. రెండు స్టిక్కులును స్లాటు 1లో తప్పి, స్లాటు 2లో నెగ్గినచో స్లాటు 1 గాని, దానికి దారితీయు ప్రాసెసరు సాకెట్టులోని పిన్ను గాని దోషి. నాలుగు పరీక్షలును తప్పినచో రెండు స్టిక్కులు ఒకేసారి చెడుట అరుదు గనుక ప్రాసెసరు, బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. మీద అనుమానము పోవును. నాలుగింటను నెగ్గి, రెండు స్టిక్కులు కలిసినప్పుడే తప్పినచో అవి రెండును వేరు రకములై పొందిక లేనివి, లేదా ఆ జంటకు ఆ వేగము అధికము. వేర్వేరుగా కొన్న స్టిక్కులకంటె ఒకే పెట్టెలో జతగా వచ్చినవి మేలని చెప్పుటకు కారణమిదే.

పరీక్ష చేయుచున్నదేమి?

ఈ ప్రోగ్రాములు గదులలో తెలిసిన నమూనాను వ్రాసి, మరల చదివి పోల్చును. అన్నియు 0లు వ్రాసినచో 1 వద్ద బిగుసుకొన్న గది దొరకును. అన్నియు 1లు వ్రాసినచో 0 వద్ద బిగుసుకొన్నది దొరకును. 01010101 అని వ్రాసి, పిమ్మట 10101010 అని వ్రాసినచో ప్రక్కగదిని చెడగొట్టు గది దొరకును. వ్రాసి కొంతసేపు ఆగి చదివినచో త్వరగా కారిపోవు గది దొరకును. ఒక్క నమూనాతో అన్ని దోషములు పట్టుబడవు గనుకనే పరీక్షలు అనేకము.

తప్పు కనబడినప్పుడు ప్రోగ్రాము చిరునామాను, వ్రాసినదానిని, చదివినదానిని చూపును. ఎల్లప్పుడు ఒకే చిరునామాలో ఒకే బిట్టు తప్పుచున్నచో అది చెడిన గది. చిరునామాలు మారుచున్నను బిట్టు స్థానము మాత్రము అదే అయినచో ఆ బిట్టు వచ్చు దారిలో, అనగా మొనలో గాని స్లాటులో గాని లోపము. చిరునామాకు, స్థానమునకు ఏ నియమమును లేనిచో వేగము, వోల్టేజి, వేడిమి ఈ మూడింటిని చూడవలెను.

ఎంతసేపు పరీక్షింపవలెను? సగటున 6 గంటలకు ఒకసారి బయటపడు దోషమున్నదనుకొందము. ఒక గంట పరీక్షలో అది పట్టుబడు అవకాశము నూటికి సుమారు 15 పాళ్లే. 24 గంటల పరీక్షలో నూటికి సుమారు 98 పాళ్లు. కాబట్టి ఒక ఆవృత్తితో తృప్తిపడరాదు. తప్పు ఒక్కటి కనబడినను దోషమున్నట్లే. తప్పు కనబడనంతమాత్రమున దోషము లేదని రుజువు కాదు. మరియొక సంగతి: విజయవాడలో మే నెల మధ్యాహ్నము ఆగిపోవు యంత్రమును రాత్రి చల్లని వేళ పరీక్షించి నిర్దోషి అనరాదు. రోగము ఏ వేళ కనబడునో ఆ వేళనే పరీక్ష జరుగవలెను.

మెమరీ నిర్దోషి అయినచో

అప్పుడు తక్కిన వస్తువులవంతు వచ్చును. ప్రాసెసరు మీది ఫ్యానులో దుమ్ము చేరినను, మధ్యనున్న థర్మల్ పేస్టు ఎండినను వేడిమి పెరుగును. హద్దు దాటినచో తన్ను తాను కాపాడుకొనుటకు ప్రాసెసరు యంత్రమును ఆర్పివేయును. ఎస్.ఎం.పి.ఎస్. బలహీనమైనచో, ఆటలవంటి బరువైన పని మొదలై గ్రాఫిక్స్ కార్డు అధికముగా కరెంటు లాగినప్పుడు యంత్రము ఆగును. ప్రమాణము ప్రకారము 12 వోల్టుల తీగలో 11.4 నుండి 12.6 వోల్టులవరకు ఉండవచ్చును. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ దానిలోని కెపాసిటర్లు ప్రాణాపాయకరమైన ఆవేశమును నిలుపుకొనును. మంచిదని తెలిసిన మరియొకదానిని తగిలించి చూచుటయే సరియైన పరీక్ష. ఇంటిలో ఎర్తు సరిగానున్నదా, వోల్టేజి పడిపోవుచున్నదా అనునది కూడ చూడదగినది.

తప్పును పట్టు లెక్క

బిట్టు తప్పినప్పుడు యంత్రమే కనిపెట్టు ఉపాయము లేదా? కలదు. ఎనిమిది బిట్లకు తొమ్మిదవ బిట్టును చేర్చి, మొత్తము 1ల సంఖ్య సరిసంఖ్య అగునట్లు దానిని నిర్ణయింతురు. దీనికి పారిటీ అని పేరు. 01001000లో 1లు రెండు; కాబట్టి తొమ్మిదవది 0. దారిలో ఒక బిట్టు మారినచో 1ల సంఖ్య బేసి అగును; తప్పు బయటపడును. కాని ఏ బిట్టు మారెనో తెలియదు.

1940 దశకములో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు వారాంతములలో రిలే కంప్యూటరునకు లెక్కలు అప్పగించి పోవుచుండెను. అది తప్పును కనిపెట్టి, ఆ లెక్కను మధ్యలో విడిచి తరువాతిదానికి పోవుచుండెను. తప్పున్నదని తెలిసికొను యంత్రము అది ఎచ్చటనున్నదో కూడ ఏల తెలిసికొని దిద్దుకొనరాదని ఆయన యోచించెను. ఆ యోచన ఫలితము 1950లో ప్రకటించిన హామింగ్ సంకేతపద్ధతి. దాని విస్తరణమే నేటి ఇ.సి.సి. మెమరీ. ఇందు సాధారణముగా 64 బిట్లకు 8 కాపరి బిట్లను చేర్తురు. ఒక బిట్టు తప్పినచో దిద్దును. రెండు తప్పినచో హెచ్చరించును. ప్రాసెసరు, మదర్‌బోర్డు రెండును అంగీకరించినప్పుడే ఇది పనిచేయును. డి.డి.ఆర్.5 చిప్పులలో లోపలనే కొంత దిద్దుబాటు కలదు. కాని చిప్పునుండి ప్రాసెసరునకు వచ్చు దారిలోని తప్పును అది పట్టలేదు.

ఈ సూత్రమును తరగతిలో అట్టముక్కలతో చూపవచ్చును. ఒక ప్రక్క 0, రెండవ ప్రక్క 1 వ్రాసిన 36 ముక్కలు చాలును. 25 ముక్కలను అయిదు వరుసలుగా ఇష్టము వచ్చినట్లు పేర్చి, ప్రతి అడ్డువరుసకు, ప్రతి నిలువువరుసకు చివర ఒక కాపరి ముక్కను చేర్చి 1లు సరిసంఖ్య అగునట్లు చేయవలెను. మూలనున్న ముక్క కాపరులకు కాపరి. ఉపాధ్యాయుడు వెనుకకు తిరిగినప్పుడు ఒక విద్యార్థి ఏదైన ఒక ముక్కను తిరగవేయవలెను. 1లు బేసిగానున్న అడ్డువరుస, నిలువువరుస కలియు చోటే తప్పు. రెండు ముక్కలు తిరగవేసినచో ఏమగును? ఒకే వరుసలో రెండు తిరిగినచో ఏమగును? విద్యార్థులే చేసి చూచి చెప్పదగిన ప్రశ్నలివి.

దోషి స్టిక్కు దొరికిన పిమ్మట ఒక పని మిగులును. అది యంత్రములోనున్న కాలములో వ్రాసిన ఫైళ్లన్నియు అనుమానాస్పదములే. పాత నకళ్లతో వానిని పోల్చవలెను. లెక్కలు, మార్కులు, ఫోటోలు, ఏది విలువైనదో దానిని ముందుగా చూడవలెను. ఆ తరువాతనే కొత్త స్టిక్కు పెట్టిన యంత్రమునకు పరీక్షను మరల ఒక రాత్రియు, ఒక పగలును నడిపి, నోటుపుస్తకములో ఆ ఫలితమును తేదీతో వ్రాసి ఉంచవలెను. మరల ఎన్నడైన యంత్రము ఆగినప్పుడు విచారణ ఆ పుటనుండి మొదలగును.